నగరం నుంచి శివారుకు మారే ముందు పన్నులనూ ఖర్చులనూ పోల్చుకోవడం ఎలా? (విజయవాడ వాసులకు)

ఏటా మార్చి నెల దాటి, పిల్లల పరీక్షలు ముగిసి, ఇళ్లు మారే కాలం మొదలవగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "పటమటలో పదహారు వేలు అద్దె కడుతున్నాం. కంకిపాడులో అలాంటి ఇల్లే పది వేలకు దొరుకుతోంది. పైగా అక్కడ పంచాయతీ పన్నే కదా. మారితే నెలకు ఎంత మిగులుతుంది?" అడిగినవారందరికీ విడివిడిగా చెప్పిన లెక్కనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. చాలామంది పన్నుల తేడా పెద్దదనీ, దారి ఖర్చు చిన్నదనీ అనుకుని మొదలుపెడతారు. కాగితం మీద వేసి చూస్తే దాదాపు ప్రతిసారీ అది తలకిందులవుతుంది.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- ప్రస్తుత ఇంటి అద్దె, మెయింటెనెన్స్ రసీదులు. సొంత ఇల్లయితే ఆస్తి పన్ను రసీదు
- కొత్త ఇంటి తాజా పన్ను రసీదు నకలు (ఇది లేకుండా మొదటి అడుగే పడదు)
- రెండు ఇళ్ల కరెంటు బిల్లులు, వీలైతే ఒకటి వేసవిది, ఒకటి చలికాలానిది
- ఉద్యోగులైతే జీతం స్లిప్పు
- గత మూడు నెలల పెట్రోలు, ఆటో, బస్సు, స్కూలు వ్యాను ఖర్చుల వివరం
- ఒక కాగితం మీద మూడు గడులు: "నగరం", "శివారు", "తేడా"

అన్ని ఖర్చులనూ నెలవారీ అంకెలోకి మార్చి రాయండి. ఏడాదికోసారి కట్టేదాన్ని పన్నెండుతోనూ, ఆరు నెలలకోసారి కట్టేదాన్ని ఆరుతోనూ భాగించండి. అద్దెను నెలకూ పన్నును ఏడాదికీ రాసుకుని, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చినవారిని నేను చాలామందినే చూశాను.

1. కొత్త ఇల్లు ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

"శివారు" అనేది వాడుకలో ఉన్న మాట మాత్రమే, పరిపాలనలో అటువంటి విభాగమేదీ లేదు. ఆ ఇల్లు నగరపాలక సంస్థలోనో, పురపాలక సంఘంలోనో, గ్రామ పంచాయతీలోనో ఉంటుంది. కానూరు, యనమలకుదురు, పోరంకి, తాడిగడప గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేసి కొన్నేళ్లవుతోంది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం కూడా పురపాలక సంఘమయ్యాయి. నది దాటితే మంగళగిరి, తాడేపల్లి కలిసి 2021లో నగరపాలక సంస్థగా ఏర్పడ్డాయి. గుంటూరు వైపు గోరంట్ల, నల్లపాడు వంటి పది గ్రామాలు 2012లోనే అక్కడి నగరపాలక సంస్థలో కలిసిపోయాయి. కనుక పోరంకిలోనో గోరంట్లలోనో ఇల్లు చూసి "పంచాయతీ పన్ను" అని లెక్క వేసుకుంటే, ఆ లెక్క మొదటి వరుసలోనే తప్పుతుంది.

సరిచూసుకోవడానికి ఉన్న మార్గం పన్ను రసీదే. దాని పైభాగాన ఎవరి పేరు ఉంటే ఇల్లు వారి పరిధిలోనిదే. వీధి బోర్డులనూ, అపార్టుమెంటు ప్రకటనలోని "విజయవాడ" అన్న మాటనూ, ఏజెంటు హామీనీ ఆధారంగా తీసుకోకండి. రసీదు ఇవ్వడానికి యజమాని సంకోచిస్తే, ఇంటి నంబరు రాసుకుని వెళ్లి అక్కడి గ్రామ లేదా వార్డు సచివాలయంలోనే అడగండి.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి. చుట్టుపక్కల పంచాయతీలను కలిపి గ్రేటర్ విజయవాడ చేయాలన్న ప్రస్తావన ఏళ్లుగా వినబడుతూనే ఉంది. అద్దెకు ఉండేవారికి దానితో పెద్దగా పని లేదు. ఇల్లు కొనేవారు మాత్రం ఈనాటి పంచాయతీ పన్ను పదేళ్ల తరువాత కూడా అలాగే ఉంటుందని లెక్క వేసుకోకూడదు.

2. మారని వాటిని కొట్టివేయండి

ఈ అడుగు చిన్నదే అయినా చాలా శ్రమ తగ్గిస్తుంది. వృత్తి పన్ను రాష్ట్రమంతటా ఒకటే: నెల జీతం 15,000 దాటి 20,000 వరకు ఉంటే 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్, వాహనానికి ముందే కట్టిన జీవితకాల పన్ను, యూనిట్ కరెంటు ధర రాష్ట్రం లోపల ఎక్కడికి మారినా మారవు. ఇల్లు కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం కూడా నగరంలోనూ పల్లెలోనూ ఒకటే. మారేది శాతం కాదు, ఏ విలువ మీద ఆ శాతం వేస్తారన్నదే. ప్రభుత్వ మార్కెట్ విలువ, దస్తావేజులో రాసిన ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు.

చెత్త పన్నును ఇప్పటికీ లెక్కలో చేర్చేవారున్నారు. అది 2024 చివరితోనే రద్దయింది, దాన్ని కొట్టివేయండి.

3. ఆస్తి పన్నును పోల్చండి

మీరు అద్దెకు ఉండేవారైతే ఈ పన్ను సాధారణంగా యజమానే కడతాడు, అది అద్దెలో కలిసే ఉంటుంది. ఒప్పంద పత్రంలో "పన్నులు అద్దెదారు భరించాలి" అన్న వాక్యం లేదని చూసుకుని నాలుగో అడుగుకు వెళ్లండి.

సొంత ఇంటివారు కాస్త ఆగి చదవాలి. నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాల్లో 2021 ఏప్రిల్ నుంచి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ) మీద వేస్తున్నారు. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు ఉంటుంది. ఆ పరిధి లోపల ఎంతన్నది స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. ఉదాహరణకు మూలధన విలువ 30 లక్షలు, రేటు 0.15 శాతం అనుకుందాం. ఏడాదికి 4,500 రూపాయలు, అంటే నెలకు 375. పంచాయతీలో అందులో సగమే పడుతుందనుకున్నా నెలకు మిగిలేది రెండు వందల లోపే. "పన్ను తక్కువ" అన్న మాట కోసం ఇల్లు మారేవారు ఈ అంకెను ఒకసారి పెద్ద అక్షరాలతో రాసుకుని చూడాలి.

ఇక్కడ తరచు జరిగే పొరపాట్లు మూడు. పురపాలక రసీదు ఆరు నెలలకు ఇచ్చేది కాగా, దాన్ని ఏడాది పన్నుగా భావించడం మొదటిది. పాత బకాయిని విడిచిపెట్టడం రెండోది. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక అది మీ నెత్తినే ఉంటుంది. ఖాళీ స్థలానికి పన్ను ఉండదనుకోవడం మూడోది. పురపాలక పరిధిలో ఖాళీ స్థలానికి కూడా పన్ను ఉంది. స్థలం కొన్నవారు ఇల్లు కట్టే నాటికి గాని దాని సంగతి తెలుసుకోరు, అప్పటికి వడ్డీతో కలిసి ఎదురవుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ వస్తుంది. రెండు గడుల్లోనూ రాయితీతోనే రాయండి, లేదా రెండింటిలోనూ రాయితీ లేకుండా రాయండి. ఒకదానిలో పెట్టి మరొకదానిలో వదలకండి.

రసీదులో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు, నీటి పన్ను, మురుగు, వీధి దీపాల పన్ను వంటి పద్దులు విడిగా ఉండవచ్చు. పోల్చవలసింది అడుగున ఉన్న మొత్తాన్నే.

4. ఆదాయపు పన్ను మీద పడే ప్రభావం

ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు పాత పన్ను విధానంలో మాత్రమే ఉంది. మీరు కొత్త విధానంలో ఉంటే ఈ అడుగును వదిలేయండి. 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు, జీతగాళ్లకు ప్రామాణిక తగ్గింపుతో కలిపి 12.75 లక్షల వరకు పన్ను పడదు గనుక, ఒకప్పుడు అందరినీ ఇబ్బంది పెట్టిన ఈ లెక్క ఇప్పుడు చాలామందికి అక్కరలేదు.

పాత విధానంలోనే కొనసాగుతున్నవారు ఇలా చూసుకోవాలి: చేతికి వచ్చిన అద్దె భత్యం, కట్టిన అద్దెలో నుంచి మూల వేతనంలో 10 శాతం తీసివేయగా మిగిలినది, మూల వేతనంలో 40 శాతం. ఈ మూడింటిలో తక్కువదే మినహాయింపు. మూల వేతనం 80,000 అనుకుంటే, 16,000 అద్దెకు మినహాయింపు 8,000, 10,000 అద్దెకు అది 2,000 మాత్రమే. నెలకు 6,000 చొప్పున ఏడాదికి 72,000 మినహాయింపు తగ్గుతుంది. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 22,464 రూపాయల పన్ను పెరుగుతుంది, అంటే నెలకు 1,872. అద్దెలో ఆదా అయిన ఆరు వేలలో దాదాపు మూడో వంతు ఇలా వెళ్లిపోతుంది. మూల వేతనంలో 40 బదులు 50 శాతం తీసుకునే లెక్క మహానగరాలుగా గుర్తించిన ఊళ్లకే. విజయవాడకైనా కంకిపాడుకైనా 40 శాతమే గనుక ఆ వరుసలో తేడా రాదు. మెయింటెనెన్స్‌ను అద్దెలో కలిపి చూపకండి. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ముందే అడిగి తీసుకోండి.

నగరంలోని సొంత ఇంటిని అద్దెకిచ్చి వెళ్లేవారికి ఆ అద్దె ఆదాయమవుతుంది. కట్టిన ఆస్తి పన్ను తీసివేసి, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద తగ్గించుకోవచ్చు. ఈ తగ్గింపు రెండు విధానాల్లోనూ ఉంది.

5. దారి ఖర్చును వేయండి

అసలు లెక్క ఇక్కడే ఉంది, కనుక దీనికి మీరు పెట్టే సమయంలో సగం కేటాయించండి. ఇంట్లో బయటికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక వరుస రాయండి: ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, నెలకు ఎన్ని రోజులు, దేని మీద.

బెంజ్ సర్కిల్‌కు పటమట నుంచి 3 కిలోమీటర్లు, కంకిపాడు నుంచి 15 కిలోమీటర్లు అనుకుందాం. ఒకవైపు 12 కిలోమీటర్ల తేడా, రానుపోను 24, నెలకు 26 రోజులకు 624 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి, లీటరు 110 రూపాయల చొప్పున, నెలకు 1,525 రూపాయలు అదనం. అదే లీటరుకు 15 ఇచ్చే కారయితే 4,576. ఇది పెట్రోలు మాత్రమే. ఏడాదికి ఏడున్నర వేల కిలోమీటర్లు అదనంగా తిరిగిన బండికి టైర్లు, ఆయిలు, సర్వీసింగ్ కూడా ముందుగానే వస్తాయి.

అందరూ మరిచిపోయేది రెండో బండి. నేను కూడా మరిచిపోయాను. నగరంలో నడిచి వెళ్లే దూరంలో బజారు, డాక్టరు, ట్యూషను అన్నీ ఉన్నప్పుడు ఒక్క బండితో సంసారం సాగింది. మారిన రెండో నెలలోనే స్కూటరు కొనవలసి వచ్చింది, ఆ ఖర్చు నా కాగితం మీద ఎక్కడా లేదు.

ప్రత్యామ్నాయంగా బస్సును తప్పక పరిశీలించండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలకు ప్రయాణం ఉచితం. ఇంట్లో ఉద్యోగానికో కళాశాలకో వెళ్లే మహిళలుంటే, బస్సు తరచుగా తిరిగే రోడ్డు పక్క శివారు ఎంచుకోవడం వల్ల రెండో బండి ఖర్చే తప్పవచ్చు. అయితే బస్టాపు నుంచి ఇంటికి ఉన్న దూరాన్ని నడిచి చూడండి. రాత్రి ఎనిమిది తరువాత బస్సు ఎంతసేపటికి వస్తుందో కూడా చూడండి. అక్కడ ఆటోకు ఇచ్చేది మళ్లీ ఖర్చే.

టోల్ సంగతి దిశను బట్టి ఉంటుంది. మంగళగిరిలో ఉంటూ విజయవాడకు వచ్చేవారికి టోల్ తగలదు, గుంటూరుకు వెళ్లేవారికి కాజ తగులుతుంది. గన్నవరం వారికి పొట్టిపాడు టోల్ ఏలూరు వైపు వెళ్తేనే వస్తుంది. ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. కారులో రోజూ దాటవలసి వస్తే, ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివాసమున్నవారికి ఇచ్చే నెలవారీ స్థానిక పాసును గానీ, 2025 ఆగస్టులో 3,000 రూపాయలకు 200 సార్లు దాటే వీలుతో వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసును గానీ అంకెలు వేసి ఎంచుకోండి. రోజూ రెండుసార్లు దాటేవారికి 200 సార్లన్నవి నాలుగు నెలలు కూడా నిలవవు.

6. నీరు, కరెంటు, మిగిలిన ఇంటి ఖర్చులు

నగరంలో కుళాయికి కృష్ణా నీరు వస్తుంది. శివారులో చాలాచోట్ల బోరు నీరే వాడకానికి, తాగడానికి క్యాన్. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఆ బోరు నీటిని గ్లాసులో పట్టి రుచి చూడండి. బాత్‌రూం కుళాయిల మీద తెల్లటి చారలున్నాయేమో గమనించండి. నీరు గట్టిదైతే గీజరు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి. వేసవిలో బోరు అడుగంటుతుందా, అప్పుడు ట్యాంకరుకు ఎంతవుతుంది అన్నది యజమానిని కాక పక్కింటివారిని అడగండి.

కరెంటు రేటు ఒకటే అన్నాను గాని, బిల్లు ఒకటే కాకపోవచ్చు. శివారులోని విడి ఇళ్లలో కింది భాగానికీ పై భాగానికీ కలిపి ఒకే మీటరు ఉండడం కద్దు. గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75 రూపాయల చొప్పున పడతాయి. 200 యూనిట్లు వాడే ఒక కుటుంబానికి వేరే మీటరు ఉంటే యూనిట్ల ఖర్చు 867 రూపాయలు, రెండు కుటుంబాలకు కలిపి 1,734. అవే 400 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే 2,548. ఎవరూ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడకుండానే 814 రూపాయలు పెరిగింది. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. విడి మీటరు లేని ఇల్లు ఎంత చవకైనా నేను సిఫారసు చేయను.

వరద సంగతి కూడా ఖర్చుల కిందకే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఫ్రిజ్జులూ మంచాలూ బండ్లూ పోగొట్టుకున్నవారు ఏ లెక్కలోనూ దానిని రాసుకోలేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలారు. మీరు చూసే వీధిలో అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. గోడ మీద మరక ఇంకా ఉండవచ్చు.

పాలు, కూరగాయలు శివారులో చవక అన్న మాట సగమే నిజం. కూరగాయలు తగ్గవచ్చు, కిరాణా మాత్రం చిన్న దుకాణంలో గరిష్ఠ ధరకే కొనవలసి రావచ్చు. ఈ రెంటినీ కలిపి సున్నాగా తీసుకుంటే పెద్ద పొరపాటు జరగదు.

7. ఒక్కసారి పెట్టే ఖర్చులను విభజించండి

సామాను తరలింపు, ఏసీ విప్పి బిగించడం, ఇంటర్నెట్ కనెక్షన్, స్కూలు మారిస్తే మళ్లీ కట్టే ప్రవేశ రుసుము, అన్నీ కలిపి, ఆ ఇంట్లో ఎన్ని నెలలు ఉంటారనుకుంటున్నారో దానితో భాగించండి. అడ్వాన్సు తిరిగి వచ్చేదే గనుక ఇందులో కలపకండి. పాత ఇంటి గోడలకు సున్నం వేయించడానికని యజమాని పట్టుకునే మొత్తాన్ని మాత్రం కలపండి.

8. మొత్తం వేయండి

పైన చెప్పిన కుటుంబాన్నే తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ అంకెలు వేసుకోండి.

మిగిలేది: అద్దెలో 6,000, మెయింటెనెన్స్‌లో 1,000, మొత్తం 7,000.

పెరిగేది: ఉద్యోగానికి పెట్రోలు 1,525, రెండో బండి పెట్రోలు 900, రెండు బండ్ల సర్వీసింగ్, టైర్లు 500, స్కూలు వ్యాను 1,200, తాగునీటి క్యాన్లు 600, పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ బజారుకూ నగరానికి వచ్చిపోవడానికి 600. మొత్తం 5,325. తరలింపు ఖర్చు 12,000ను రెండేళ్లకు పంచితే నెలకు 500.

చివరికి మిగిలేది 1,175 రూపాయలు. రెండో బండి కొనడానికి పెట్టే ధరో వాయిదాలో ఇందులో లేవు. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవారికి మరో 1,872 పోయి, నెలకు 697 రూపాయల నష్టం. ఇంట్లో మహిళ బండి బదులు బస్సులో వెళ్తే, బండి పెట్రోలు 900తో పాటు సర్వీసింగ్ పద్దు 500లో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. ఆ మొత్తం పద్దు మిగిలిందనుకుంటే కొత్త విధానంలోని కుటుంబానికి నెలకు 2,575 వరకు దక్కుతుంది. ఆదాయపు పన్ను, పెట్రోలు, బస్సు ఈ మూడే ఫలితాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాయని, ఇంటి పన్ను పద్దు ఈ లెక్కలోకి రానేలేదని గమనించండి.

మిగిలిన మొత్తాన్ని నెలకు దారిలో అదనంగా గడిపే గంటలతో భాగించి చూడండి. రోజుకు గంట చొప్పున 26 గంటలకు 1,175 రూపాయలంటే గంటకు 45 రూపాయలు. అది చాలునా లేదా అన్నది మీ ఇష్టం. పెద్ద ఇల్లు, గాలి, పిల్లలకు ఆడుకునే చోటు కావాలని వెళ్లేవారికి చాలవచ్చు, డబ్బు కోసమే వెళ్లేవారికి నా దృష్టిలో చాలదు.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

అడ్వాన్సు ఇవ్వకముందు రెండు పనిదినాలు ఉదయం కొత్త ఇంటి గుమ్మం నుంచే బయలుదేరి ఉద్యోగానికి వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం బందరు రోడ్డు మీద పట్టిన సమయాన్ని సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నమ్ముకోకూడదు. కాగితంలో పెట్రోలు ధరను 10 శాతం పెంచి, అద్దెను ఏటా ఒప్పందంలో ఉన్నంత పెంచి ఇంకోసారి వేయండి. అప్పుడు కూడా "తేడా" గడిలో లాభమే కనబడితేనే అంకె నిలుస్తుంది.

మారిన తరువాత మూడు నెలలు నిజంగా అయిన ఖర్చును అదే కాగితం మీద నాలుగో గడిలో రాస్తూ రండి. ఒక పద్దు మీరు వేసినదానికి రెట్టింపు వస్తుంటే, అది దాదాపుగా పెట్రోలో ఆటోనో అయి ఉంటుంది. బండి ఆర్సీలో చిరునామా మార్చుకోవడానికి గడువు 30 రోజులు, దాని రుసుమును కూడా ఆ గడిలోనే వేసుకోండి.